పూసలో నాలుగో గొంతు

నమోదు 1. చేరిన రోజు

గోపీనాథం గారూ, దినచర్య చెప్పని హెడ్ కోచ్ ఉద్యోగం చెల్లదని ఒప్పందంలో రాశారు కాబట్టి చెబుతున్నాను. చదివేది మేనేజరైన మీరే కాబట్టి మర్యాదగా మొదలుపెడుతున్నాను. ఈ మర్యాద ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకే తెలీదు.

నా పేరు సంగాడి నూకరత్నం. కోరంగి చలువపేట కొరమీనుల మంచు హాకీ జట్టుకి ఒకప్పుడు గోలీని, అంటే గోలు కాసేదాన్ని. ఇవాళ్టి నుంచి నాలుగో హెడ్ కోచ్‌ని.

పొద్దున్నే గచ్చు దగ్గరికి వెళ్ళాను. బయటి పేటల వాళ్ళు రింకు అంటారు, మాకది గచ్చే. నిన్నటి ఆటలో అరిగిన మంచు గీరి కుప్పపోశారు. బిందెలూ బకెట్లూ పట్టుకుని సగం పేట వరసలో నిలబడి ఉంది. అందరికీ మంచు పంచడం అయ్యేదాకా ప్రాక్టీసు మొదలుపెట్టకూడదు. పైన ఎండలో రేకు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలి అంటుకుపోతుంది. నేల కింద మేం చొక్కా మీద చొక్కా తొడుక్కుని బిందెడు మంచు కోసం జుట్లు పట్టుకుంటాం. వరసలో ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా కొత్త కోచ్‌వి? గోలీగా ఉన్నప్పుడే గోలు సగం నిండిపోయేది, ఇప్పుడు పూర్తిగా నిండుతుంది" అంది. ఈ పేట జనం ప్రేమ ఇలాగే ఉంటుంది.

తర్వాత మీరు స్వయంగా వచ్చి పూస చేతిలో పెట్టారు. కందిగింజంత ఉంది. చెవిలో పెట్టుకోగానే ముగ్గురు మనుషులు ఒకేసారి నిద్రలేచారు.

"ఎవరండి మీరు? నా బెంచీ మీద మీకేం పనండి?" అన్నది మొదటి హెడ్ కోచ్ చింతలపాటి వర్మగారు. భీమవరం మనిషి. తిట్టేటప్పుడు కూడా అండీ వదలడు.

"ఎవలైతే ఏంది? పోరగాళ్ళను నెత్తికెక్కిచ్చుకునే మొకమే. సూడంగనే ఎరుకైతాంది." ఇది రెండో కోచ్ బొల్లం రాజమల్లు, రామగుండం నుంచి వచ్చినాయన. పూసకి కళ్ళు లేవు, అయినా చూడగానే తెలిసిందట.

మూడో గొంతు వినగానే నా కళ్ళు చెమ్మగిల్లాయి.

"రత్నమా? నువ్వా? నా చోట్లో నువ్వొచ్చి కూచున్నావా, సిగ్గుమాలినదానా! నిన్ను కాపాడబోయే కదే నా కొంప ముంచుకున్నాను!"

మల్లాడి కనకం. నాకు కర్ర పట్టుకోవడం నేర్పిన మనిషి. నా తలకి దెబ్బ తగిలిందని ఫైనల్లో నన్ను ఆడించకుండా కూచోబెట్టి, ఆట ఓడి, అదే రోజు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఇరవయ్యేళ్ళయింది, ఇన్నాళ్ళూ జీతం దండగని మీరు ఇంకో హెడ్ కోచ్‌ని పెట్టలేదు. ఆ కోపం నిన్నటిదంత పచ్చిగా ఉంది, ఎందుకంటే ఆమెకది ఇవాళ్టిదే.

తలలోని జ్ఞాపకాల అచ్చు ఉద్యోగం పోయిన రోజే ఎందుకు తీస్తారని మిమ్మల్ని అడిగాను. "ఒక్క రోజు ముందు తీసినా ఆ ఒక్క రోజు అనుభవం మనకి నష్టమే కదమ్మా" అన్నారు మీరు. ఉద్యోగం ఊడిన మనిషిని పొద్దుగుంకే లోపల కుర్చీలో కూలేసి, ఆ మంటతోనే తలలో ఉన్నదంతా దింపుకుంటారు. ఎంత పొదుపండీ మీది! మీ పొదుపు పుణ్యమా అని నా చెవిలో ముగ్గురు మహా కోచ్‌లు ఉన్నారు. వాళ్ళ జీవితాల్లో అన్నిటికంటే దరిద్రమైన రోజున ఉన్నారు.


నమోదు 2. మూడు ఆటల తర్వాత

ఒకటి గెలిచాం, రెండు ఓడాం. మంచు మీద జారే బూట్ల అంచులు సాన పట్టడం నేనే చూసుకుంటున్నాను. సాన పట్టేవాడికి ఒక అంచు మీద ఉన్న శ్రద్ధ రెండో అంచు మీద ఉండదు.

పూస సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. చెవిలో పెట్టుకున్న ప్రతిసారీ వాళ్ళు కొత్తగా లేస్తారు. పోయిన ఆట గుర్తుండదు, నేను గుర్తుండను. ప్రతి ఆటకీ ముందు నా పేరు, ఊరు చెప్పుకుని ముగ్గురి చేత మొదటిసారిలా తిట్లు తినాలి. "ఎవరండి మీరు?" "ఎవలైతే ఏంది?" "సిగ్గుమాలినదానా!" సుప్రభాతం అయ్యాకే ఆట. తీసి పడేద్దామంటే, హెడ్ కోచ్ చెవిలో పూస లేకపోతే జట్టు ఓడినట్టేనని లీగు రూలు.

వర్మగారిని వెనక కాసుకుని మెల్లగా ఆడించాడని తీసేశారట. అందుకని ఆయనకి ఎప్పుడూ ఒకటే పాట. "ముందుకెళ్ళమనండి! వెనకాల ఏం పాతిపెట్టారండి, తవ్వుకోడానికి?" రాజమల్లుని ఆటగాళ్ళని గారాబం చేశాడని తీసేశారు. ఆయనకి నీళ్ళు తాగేవాడు కూడా దొంగలాగే వినిపిస్తాడు. "కూసునుడేంది? ఉరికియ్యాలె! ఒక్కొక్కని తోలు దీయాలె!" కనకం సంగతి చెప్పాను కదా. ఎవరికైనా దెబ్బ తగిలితే చాలు, ఒంటికాలి మీద లేస్తుంది. "ఆడించు! కూచోబెట్టేవంటే నాలాగే పోతావు. ఆ రోజు నిన్నే ఆడించుంటే ఇవాళ నాకీ గతి పట్టేది కాదు, తెలుసా?"

తెలుసు. ఆటాటకీ చెబుతోంది.

ఒకే ఒక్క ఊరట ఉంది. పాత కోచ్‌లందరూ ఒక్క మాట మీద ఉంటేనే ఆ మాట నా మాటని కొట్టేస్తుంది. అప్పుడు జట్టు పలక మీద పేర్లు వాటంతటవే పడతాయి, నేను మార్చలేను. ఒక్కరు కాదన్నా నా మాటే చెల్లుతుంది. ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. నిన్న నీళ్ళ విరామం ఎప్పుడివ్వాలనే దాని మీద వర్మగారు రాజమల్లుని "మీరసలు మనిషేనాండి?" అంటే, ఆయన "నీ అండీ నువ్వే ఉంచుకో" అన్నాడు. వాళ్ళు అలాగే కొట్టుకు చావాలని రోజూ కోరుకుంటున్నాను. నా ఉద్యోగం వాళ్ళ తగాదా మీదే నిలబడి ఉంది.


నమోదు 3. ప్రాక్టీసులో దెబ్బ

మా గోలీ ఏసుపాదానికి దెబ్బ తగిలింది.

కొరమీనుల్లో నాకు నచ్చిన ఆటగాడు ఎవరంటే ఏసుపాదమే. మాట్లాడితే పెడసరం, గోలులో నిలబడితే గోడ. నేను ఏది చెప్పినా "నాకు తెలుసక్కా" అంటాడు, తర్వాత నేను చెప్పినట్టే చేస్తాడు. ఇవాళ దగ్గర్నుంచి కొట్టిన బిళ్ళ నేరుగా ముఖకవచానికి తగిలింది. పడలేదు. నవ్వాడు కూడా. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు మాత్రం ఆ నవ్వు నచ్చలేదు. ఏసుపాదానికి ఒక అలవాటు ఉంది. ఆట మొదలయ్యే ముందు కర్రతో ఎడమ స్తంభాన్ని తడతాడు, కుడి స్తంభాన్ని తడతాడు, అప్పుడు వంగుతాడు. గోలీలందరికీ ఇలాంటిది ఒకటి ఉంటుంది, వెనక్కి చూడకుండా గోలు ఎక్కడుందో ఒంటికి తెలియడానికి. దెబ్బ తగిలాక అతను ఎడమ స్తంభాన్ని తట్టాడు. మళ్ళీ ఎడమదాన్నే తట్టాడు. తర్వాత కుడి స్తంభం కోసం గాలిలో కర్ర ఊపాడు. తగల్లేదు. అక్కడ ఉండాల్సింది ఎవరో ఎత్తుకుపోయినట్టు తిరిగి చూశాడు.

బూట్ల తాళ్ళు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. "ఇవాళ భీమిలి సొరల జట్టుతోనా ఆట?" అని అడిగాడు. ఎల్లుండి అన్నాను. కాసేపాగి, "ఇవాళ సొరలతోనా?" అన్నాడు.

మీ కంపెనీ డాక్టరు వచ్చాడు. ఒక వేలు చూపించి ఎన్ని అన్నాడు. ఒకటి అన్నాడు వీడు. అయిపోయింది పరీక్ష. "ఫిట్" అని చెప్పి టీ తాగి వెళ్ళాడు. ఆ వేలితో ఇంకేమైనా చేయడం ఆయనకి వచ్చో రాదో నాకు తెలీదు.


నమోదు 4. పలక వెలిగింది

గోపీనాథం గారూ, ఇక మర్యాద అయిపోయింది.

భీమిలి సొరల మీద గెలిస్తే ఫైనలని మీకు నిద్ర పట్టడం లేదు. ఏసుపాదాన్ని కూచోబెడతానని నేననగానే మీరు నాతో ఒక్క మాట కూడా అనలేదు. నా పక్కన వంగి, నా చెవికి దగ్గరగా, నాతో కాకుండా నా చెవిలోని వాళ్ళతో మాట్లాడారు. "పెద్దలారా, డాక్టరు ఫిట్ అన్నాడు. గోలీని ఆడించాలా, వద్దా?"

"గోలు గట్టిగా ఉంటేనే కదండి ముందుకెళ్ళగలం. ఆడించండి" అన్నాడు వర్మగారు.

"ఫిట్ అన్నంక గూసునుడేంది? లేపుండ్రి వాన్ని" అన్నాడు రాజమల్లు.

ఇద్దరూ ఒకటయ్యారు. ఇక మిగిలింది కనకమే.

"అక్కా" అన్నాను. కనకాన్ని అలా పిలిచి చాలా ఏళ్ళయింది. "వాడికి కుడి స్తంభం కనపడట్లేదక్కా. నాకప్పుడు ఎలా ఉందో నువ్వే చూశావు కదా. నా కర్ర నువ్వే లాక్కున్నావు కదా."

"లాక్కున్నాను. ఏం బాగుపడ్డాను?" అంది పూసలోని కనకం. "పొద్దున్న లాక్కున్నాను, మధ్యాన్నానికి ఓడేం, ఇదిగో, సాయంత్రానికి నన్ను బయటికి గెంటేరు. నువ్వు చక్కగా బతికేవు, నేను చచ్చేను. ఆడించు వాణ్ణి. వాడి తలకాయ వాడిది, నీకెందుకు?"

ముగ్గురూ ఒక్క మాట మీదకి వచ్చారు. పలక మీద గోలీ పేరు దగ్గర ఏసుపాదం అని దానంతటది పడింది. పక్కన ఎర్ర తాళం గుర్తు. మీరు నవ్వలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను. నవ్వాల్సిన అవసరం కూడా మీకు లేకపోయింది.

ఏసుపాదం కూడా మీ పక్షమే. "నన్నెందుకక్కా పక్కన పడేస్తారు? నామీద ఏం కక్ష మీకు? మీరు ఆడలేకపోయిన ఫైనల్ నేను ఆడతానని కుళ్ళా?" అన్నాడు అందరి ముందూ. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. చెంప పగలగొట్టాలనిపించింది. తలకి దెబ్బ తగిలినవాడని చెయ్యి ఆపుకున్నాను.


నమోదు 5. బజ్జీల బండి

అసలు కనకం బతికే ఉంది. గచ్చు రెండో ద్వారం దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. ఈ సంగతి మీకు తెలుసు, ఆటాటకీ తింటారు కూడా. మీ పూసలో ఆవిడ ఏం అరుస్తోందో ఆవిడకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంతవరకు నేను కూడా చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఇవాళ చెప్పాను. జల్లిగంటె నూనెలోనే వదిలేసి విన్నది.

"నేనా? నేనలా అంటన్నానా?"

"నన్ను ఆడించుంటే బాగుండేదంటన్నావక్కా. ప్రతిసారీ."

పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంది. "ఆ రోజు నాకు ఒళ్ళు తెలీలేదే, రత్నం. నిజమే, అనుకున్నాను. కుర్చీలో కూచున్నప్పుడు అదే అనుకున్నాను. ఇంటికెళ్ళి గిన్నెలన్నీ పగలగొట్టేను. మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆకలేసింది. అన్నం వండుదావంటే గిన్నె లేదు. అప్పుడు నవ్వొచ్చింది. నువ్వు ఇంటికొచ్చేవు చూడు, గుర్తుందా? తలకి కట్టు కట్టుకుని. నన్ను పేరు పెట్టి పిలిచేవు. అబ్బ, దీనికి నా పేరు గుర్తుంది, చాల్లే అనుకున్నాను. అంతే, పోయింది కోపం."

మూకుడు దించి మళ్ళీ అంది. "పూసలో ఉన్నదానికి మర్నాడు రాలేదు పాపం."

పూస నా దగ్గరే ఉంది. గచ్చు దాటి బయటికి తేకూడదని మీ రూలు. తెచ్చాను, ఏం పీక్కుంటారో పీక్కోండి. బండి పక్కన స్టూలు మీద కూచుని ఆవిడ పూసని చెవిలో పెట్టుకుంది. నేను కూడా చెవి ఆనించాను.

వర్మగారు ఎవరండి అన్నాడు, రాజమల్లు ఎవలైతే ఏంది అన్నాడు. కనకం వాళ్ళని పట్టించుకోలేదు.

"ఒసేవ్, నేనే. కనకాన్ని. నువ్వే నేను. ఇప్పుడు గచ్చు గుమ్మంలో బజ్జీలేసుకుంటన్నాను" అంది.

"ఎవత్తివే నువ్వు, ముసల్దానా? నా గొంతు పెట్టుకుని మాట్లాడతన్నావు?"

"రత్నం బతికింది. చూడు, పక్కనే ఉంది. దాన్ని కూచోబెట్టడం తప్పు కాదే. ఆ కుర్రాణ్ణి కూడా కూచోబెట్టమని చెప్పు. నీ ఒక్క మాట చాలు."

"నిన్నెంతకి కొనేరు? అమ్ముడుపోయినదానా! నేనిలా రోడ్డున పడితే నువ్వెళ్ళి వాళ్ళ గుమ్మంలో బజ్జీలేస్తన్నావా? థూ!"

ఆవిడ ఇంకా ఎన్నో చెప్పింది. బతిమాలింది. తనని తను బతిమాలుకునే మనిషిని చూడటం నాకదే మొదటిసారి, మళ్ళీ చూడాలని లేదు. పూసలోని కనకం ఒక్క మెట్టు దిగలేదు. దిగినా ఏం లాభం, పొద్దున్నే మళ్ళీ మొదటికొస్తుంది. చివరికి ఆవిడ పూస తీసి నా చేతిలో పెట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"దాంతో అవ్వదు. కానీ నాకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి కదే. రేపు ఏం చేద్దామో చెప్పు" అంది.


నమోదు 6. సొరలతో ఆట

మీకు తెలియని భాగం మాత్రమే చెబుతాను, తెలిసిన భాగం పేటంతా చెప్పుకుంటోంది.

పలక మీది పేరు మార్చలేను. పేరున్న గోలీ గచ్చు మీదికి రాకపోతే వేరే గోలీని దింపడానికి లేదు. గోలు ఖాళీగా వదిలేసి ఆడాలి. అంతవరకే రూలులో ఉంది. గోలీ ఎందుకు రాలేదని అందులో అడగలేదు.

ఆటకి ముందు ఏసుపాదాన్ని కవచాలు ఆరబెట్టే గదిలోకి పిలిచాను, పట్టీ మార్చుకోమని. లోపల కనకం కూచుని ఉంది. గది వేడి ముందే ఆపించాను. అతను లోపలికి అడుగుపెట్టగానే ఆవిడ లోపల గడియ వేసి, తలుపుకి ఆనుకుని కూచుంది. తలుపంత పొడుగున్న గోలీ అరవయ్యేళ్ళ ఆడమనిషిని తోసి రాలేడు. తిట్టడం మాత్రం తిట్టాడు. తలుపు గుద్దాడు. నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వాడు.

ఖాళీ గోలుతో ఆడాం. మా పిల్లలు చూసిన చూపులు మర్చిపోలేను. అయినా ఆడారు, పాపం. పడుకుని బిళ్ళలు ఆపారు. రెండు గోల్స్ కూడా కొట్టారు. సొరలు పదకొండు కొట్టారు. చివరికి వాళ్ళకే సిగ్గేసి మెల్లగా తోశారు.

చెవిలో ముగ్గురూ అగ్గి మీద గుగ్గిలం అయ్యారు. "గోలు ఖాళీ ఏంటండి? మతి పోయిందాండి?" "దీన్ని ముందుగాల దన్నాలె!" కనకం గొంతు మాత్రం వేరుగా ఉంది. "నీ చేత్తో నువ్వే తవ్వుకున్నావే, రత్నం. సాయంత్రం కుర్చీలో కూచున్నప్పుడు చూడు. నాలాగే ఏడుస్తావు. నాలాగే ఆడించమంటావు." ఆరబెట్టే గదిలో అసలు కనకం నోరు మెదపకుండా తలుపుని కాస్తోంది. నాకు రెండు చెవుల్లో ఒకే మనిషి ఉన్నట్టయింది.

జనం రొయ్యపొట్టు విసిరారు. మంచు వరసలో నన్ను వెక్కిరించిన ఆవిడ బిందే విసిరింది. నిజం చెబుతాను, పదో గోలు పడ్డప్పుడు ఒక్క క్షణం అనుకున్నాను, ఆడించి ఉంటే పోయేది కదా అని. ఇదే కదా కనకం కుర్చీలోకి మోసుకెళ్ళింది! సాయంత్రానికి నా తలలో ఇదే మిగిలితే, రేపట్నుంచి ఏసుపాదాన్ని ఆడించమని అరిచే నాలుగో గొంతు నాదవుతుంది.


నమోదు 7. పొద్దుగుంకే లోపల

ఆట అయిన వెంటనే నన్ను తీసేశారు. మీరు బెంచీ దగ్గరే చెప్పారు, పదిమందీ వినేలా. "కుర్చీ సిద్ధంగా ఉందమ్మా. ఏసుపాదం వచ్చే ఆట ఆడతాడు. అప్పటికి మీరు కూడా పూసలో ఉంటారు, మీరు కూడా మా మాటే అంటారు. అందరూ మారారు" అన్నారు.

పొద్దుగుంకే దాకా టైముంది కదా అన్నాను. ఆరబెట్టే గదికి వెళ్ళాను. నాకప్పుడు మీ మీద కోపం, జనం మీద కోపం, నన్ను నోటికొచ్చినట్టు తిట్టిన ఏసుపాదం మీద కూడా పట్టలేనంత కోపం. వాడి కోసమే కదా ఇదంతా. కనీసం వాడి మొహం మీద నాలుగు దులిపి పోదామనుకున్నాను.

తలుపు తట్టాను. కనకం గడియ తీసింది. పెదవి మీద వేలు పెట్టి సైగ చేసింది.

ఏసుపాదం వేలాడే కవచాల కింద నేల మీద కూచుని ఉన్నాడు. పక్కన కక్కుకున్నాడు, కనకం గోనెపట్టా వేసి కప్పింది. రెండు కాలి కవచాలూ ఒకే కాలికి కట్టుకున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. తిట్టలేదు. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"అక్కా, వచ్చారా? ఆట ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు. "నేను రెడీ."

బయట జనం ఇంకా మమ్మల్ని తిడుతూనే ఉన్నారు. గచ్చు మీద మంచు గీరే బండి తిరుగుతోంది. ఆట అయిపోయి చాలాసేపయింది.

కనకాన్ని అంబులెన్సు పిలవమన్నాను, మీ డాక్టరు దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి. స్ట్రెచరు ఎక్కించేదాకా ఉన్నాను. తర్వాత నడుచుకుంటూ కుర్చీ దగ్గరికి వచ్చాను. మీ మనుషులు నన్ను లాక్కురానక్కర్లేదు, గోపీనాథం గారూ. నేనే వచ్చాను. నాకు కోపం లేదనుకోకండి. ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు. కానీ ఇది ఓడినందుకు కాదు. తీసుకోండి అచ్చు. ఒక్క పిసరు కూడా వదలకుండా తీసుకోండి.


నమోదు. అంకె తెలీదు

ఇప్పుడే కుర్చీలో కళ్ళు మూసుకున్నాను. తెరుద్దామంటే కళ్ళు లేవు.

పక్కనే ఎవరో అరుస్తున్నారు. "ఎవరండి మీరు?" ఇంకొకరు. "ఎవలైతే ఏంది?" అర్థమైంది. పూసలో ఉన్నాను. నేను మాట్లాడితే దినచర్యలో పడుతుందేమో చూద్దామని మాట్లాడుతున్నాను.

బయట నుంచి ఒక మేనేజరు గొంతు వినిపించింది. గోపీనాథానిది కాదు, కుర్రగొంతు. మాటలు మాత్రం అవే. "పెద్దలారా, గోలీ అమ్మాయి తలకి చిన్న దెబ్బ. డాక్టరు ఫిట్ అన్నాడు. ఆడించాలా, వద్దా?"

"ఆడించండి. ముందుకెళ్ళాలి కదండి."

"లేపుండ్రి."

"ఆడించు! కూచోబెడితే కొంప మునుగుద్ది!"

వాళ్ళు ముగ్గురూ నా కోసం ఆగారు. నాకు స్తంభాలు కనపడలేదు, గచ్చు కనపడలేదు. రెండు కవచాలు ఒకే కాలికి కట్టుకుని నవ్విన మొహం ఒక్కటే కనపడింది. అది ఇందాకే చూశాను. ఒళ్ళంతా మండిపోయింది, ఒళ్ళు లేకపోయినా.

"వద్దు" అన్నాను. "దాన్ని గచ్చు మీదికి తెస్తే ఊరుకోను. ముందు పెద్దాసుపత్రికి పంపండి. ఫిట్ అన్న డాక్టరు వేలు విరగ్గొట్టండి."

ముగ్గురూ కలిసి నా మీద పడ్డారు. ఏం మతిపోయిందాండి అని ఒకరు, దన్నాలె అని ఒకరు. కనకం అయితే శాపనార్థాలు పెట్టింది. పెట్టనీ. ఒక్కరు కాదంటే చాలు, బెంచీ మీది కోచ్ మాటే చెల్లుతుంది. మేనేజరు ఏదో గొణుక్కుంటూ పోయాడు. పూస పెట్టుకున్న కోచ్ ఎవరో బలంగా ఊపిరి వదలడం వినిపించింది.

"ఇదిగో, కొత్త కోచ్. నువ్వెవరో నాకనవసరం" అన్నాను. "ముందు ఇది చెప్పు. ఏసుపాదం ఎలా ఉన్నాడు? ఆసుపత్రికి చేరాడా? మనుషుల్ని గుర్తుపట్టాడా?"

అటువైపు నవ్వు వినిపించింది. కాస్త బొంగురుపోయిన గొంతు, వయసు మళ్ళిన గొంతు.

"నేనే అక్కా, ఏసుపాదాన్ని. బాగానే ఉన్నాను. ఎడమ స్తంభం ఎడమవైపు, కుడి స్తంభం కుడివైపు, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు తల నెరిసింది, మీరు మాత్రం ఆటాటకీ ఇదే అడుగుతారు. ఎన్నిసార్లు చెప్పినా మీకు గుర్తుండి చావదు."

వర్మగారూ రాజమల్లూ అరుస్తూనే ఉన్నారు.

"అయితే వచ్చే ఆటకీ చెప్పు" అన్నాను. "ఇప్పుడు నోరు మూసుకుని ఆట చూడు."